గట్టి బ్రష్షు కావాలన్న బావగారు

కువైట్‌లో ఒక మాల్‌లో రాత్రి షిఫ్టులో నేల తోమే స్క్రబ్బర్ మెషీన్ నడుపుతానని చెబితే, గుంటూరులో మా వాళ్లు అదీ చీపురు పనే కదా అన్నట్టు చూస్తారు. మొన్న సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం, కల్యాణ మండపానికి పాత మెషీన్ ఒకటి కొన్న మా బావగారు, "ఏమయ్యా, అన్నిటికంటే గట్టి బ్రష్షు ఏదో చెప్పు, సాంబారు మరకలు వదలడం లేదు" అని నన్నే అడిగారు.

వెళ్లిన కొత్తలో నేనూ గట్టిదే మంచిదనుకున్నాను. ఒక రాత్రి ద్వారం దగ్గర పాలరాయి మీద నల్లటి చారలు పోవడం లేదని, బేస్‌మెంట్ పార్కింగ్‌లో కాంక్రీటుకు వాడే బ్రష్షు తెచ్చి బిగించాను. దాని నైలాన్ పోగుల్లో కార్బరండం పొడి కలిపి ఉంటుంది. పాలరాయిని కోసి నునుపు చేసే సరుకే అది. చారలు పోయాయి కానీ, తెల్లవారి వెలుతురు పడేసరికి రాతి మీద చక్రాలు చక్రాలుగా గీతలు తేలాయి. ఆ నెల జీతంలో కోత పడింది. కోత కంటే, మా మలయాళీ సూపర్‌వైజర్ ఒక్క మాటా అనకుండా ఆ గీతల మీద వేలు రాసి చూపడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మురికిని కాదు, నేలను చూసి బ్రష్షు ఎంచాలని నేర్పింది ఆయనే. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు నీటిని పీల్చవు కనుక రాత్రంతా తడిలో తిరిగినా బిరుసు తగ్గదు. నైలాన్ తడికి కాస్త మెత్తబడినా, వంగిన పోగు మళ్లీ నిలబడుతుంది కనుక ఎక్కువ కాలం మన్నుతుంది. బ్రష్షుకు బదులు బిగించే గుండ్రటి పీచు బిళ్లే ప్యాడ్, రంగును బట్టి దాని గరుకు. మెరుగు పెట్టిన రాతికి ఎర్ర ప్యాడ్ చాలు, నల్లది పాత మైనపు పొరను లేపడానికే. టైల్స్ సందుల్లోకి ప్యాడ్ దిగదు, పోగులే దిగాలి.

బావగారి మండపంలో వేదిక పాలరాయి, భోజనాల హాలు గరుకు కడప రాయి. వేదికకు ఎర్ర ప్యాడ్, హాలుకు పాలిప్రొపిలీన్ బ్రష్షు, సబ్బునీళ్లు పోసి ఐదు నిమిషాలు నానబెట్టాకే మెషీన్ అని చెప్పాను. యాసిడ్ సీసా మాత్రం రెండు రాళ్లకూ దూరంగా పెట్టించాను. తీరా మెషీన్ ఎత్తి చూస్తే ఉన్న బ్రష్షు సరైనదే. నెలల తరబడి దాని మీదే బరువు ఆనించి నిలపడంతో, పోగులన్నీ గాలివానకు పడిపోయిన వరిచేనులా ఒకే వైపు ఒరిగి ఉన్నాయి.