సౌత్ డౌన్స్ కంచెల మీద పసుపు పిట్ట

బ్రైటన్‌లో ఎక్కిన బస్సు డిచ్లింగ్ బీకన్ దగ్గర దింపేసరికి గాలి గట్టిగా కొడుతోంది. ఇంగ్లండ్ దక్షిణాన సౌత్ డౌన్స్ అనే సుద్దరాతి కొండల్లో 248 మీటర్ల ఎత్తున్న చోటిది. జూన్ నెల. ఒక పక్క దూరంగా సముద్రం, మరో పక్క పల్లపు పొలాలు. నా చూపు మాత్రం చేల గట్ల వెంబడి ఉన్న ముళ్లపొదల కంచెల మీదే. ఎల్లోహ్యామర్ అనే పసుపు పిట్ట ఉండేది అక్కడే మరి.

ముందు పాట వినిపించింది. ఒకే స్వరం గబగబా పలికి, చివర్లో ఒక సాగదీత. ఇక్కడివాళ్లు దాన్ని 'ఎ లిటిల్ బిట్ ఆఫ్ బ్రెడ్ అండ్ నో చీజ్' అని అనుకరిస్తారు. వెతికితే హాథార్న్ అనే ముళ్లపొద కొసన మగపిట్ట! పసుపుకొమ్ము అరగదీసి తలకు పూసినట్టుంది. వీపు మీద చారలు, తోక మొదట్లో ఇటుక రంగు. చలికాలంలో దక్కన్ జొన్నచేలకు వచ్చే నల్లతల బంటింగ్ అనే పిట్టకు ఇది చుట్టమే.

ఆ పసుపును ఫొటోలో పట్టడం తేలిక కాదు. ఎండ నేరుగా పడితే ఈకల గీతలు చెరిగిపోయి ఒట్టి పసుపు మచ్చ మిగులుతుంది. అందుకే కెమెరాలో ఎక్స్‌పోజర్, అంటే వెలుతురు, కొంచెం తగ్గించి పెట్టుకున్నాను. పిట్ట వెంట పడక్కర్లేదు. అది పాడే కొమ్మలు కొన్నే, తిరిగి తిరిగి వాటి మీదికే వస్తుంది. బాట వదలకుండా దూరంగా కూర్చున్నాను. గూడు కంచె అడుగున, నేలకు దగ్గరగా ఉంటుంది, అక్కడ మనిషి అలికిడి ఉండకూడదు. ఫోన్‌లో పాట వినిపించి పిలవడం నాకు అసలు నచ్చదు. పిల్లల్ని సాకే రోజుల్లో దానికి లేని టెన్షన్ పెట్టడమే అది. మధ్యాహ్నం ఎండలో మిగతా పిట్టలు సద్దుమణిగినా ఇది పాడుతూనే ఉంది.

తీసిన వాటిలో నాకు నచ్చింది దగ్గరి ఫొటో కాదు. కంచె పొడుగునా కనిపిస్తూ, వెనక బార్లీ చేను, మధ్యలో చిన్నగా పిట్ట ఉన్నది. కంచె లేకపోతే ఆ పిట్టా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద పెద్ద మడుల కోసం ఎన్నో కంచెలు పీకేశారు. పురుగుమందులతో ఈ పిట్టలు తమ పిల్లలకు పెట్టే పురుగులు తగ్గాయి, కలుపుమందులతో గింజలు తగ్గాయి. పైగా గోధుమను ఇప్పుడు శరదృతువులోనే విత్తేస్తారు. దాంతో చలికాలమంతా గింజలేరుకోవడానికి కోత తర్వాతి కొయ్యకాళ్లుండే చేలు కరువయ్యాయి. 1970తో పోలిస్తే బ్రిటన్‌లో ఈ పిట్టలు సగానికి పైగా తగ్గిపోయాయి. 2002 నుంచి ఇది అక్కడ బాగా ఆపదలో ఉన్న పక్షుల జాబితా అయిన రెడ్ లిస్టులో ఉంది. ఇంత మామూలు పొలం పిట్టకు ఆ గతి పట్టడం నాకు చాలా బాధగా ఉంది.

తిరిగొస్తుంటే బాట మీద ఒక రైతు కలిశారు. ఒక చేనును కోత తర్వాత దున్నకుండా వదిలేస్తారట, జనవరిలో ఈ పిట్టలు అక్కడ గుంపుగా దిగుతాయట. గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకోమన్నారు. జనవరికి సెలవు అడిగేశాను.