వీసమెత్తు తేడా

ఒహాయో రాష్ట్రంలో యంత్ర భాగాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. పొద్దస్తమానం మైక్రోమీటరు పట్టుకుని, అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా సరుకును పక్కన పెట్టించడమే నా ఉద్యోగం. మా ఫోర్‌మన్ 600 గజాల రైఫిల్ పోటీలకు వెళ్లే మనిషి. ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. వాటికి కావలసిన తూటాలను ఆయన పేలిన ఖాళీ కేసులతోనే ఇంటి నేలమాళిగలో స్వయంగా తిరిగి నింపుకుంటారు. కొలతల మీద నాకున్న పిచ్చి చూసి, వచ్చి చూడమని ఒక శనివారం పిలిచారు.

చూడటం వరకే. వర్క్ వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గాని తూటా గాని ఉండటాన్ని ఇక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నా నాకు వేట మీద ఆసక్తి లేదు. పైగా ఆ చట్టం దృష్టిలో తూటా ఒడలైన ఖాళీ ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, సీసపు గుండు, తుపాకీ మందు, వీటిలో ఏ ఒక్కటైనా తూటా కిందే లెక్క. అందుకని గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా, ఏళ్ల తరబడి, ఆయన బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడే ఆ పని నేర్చుకున్నాను. అన్నేళ్లు చేతులు కట్టుకోవడం బాధగానే ఉండేది గాని, కళ్లతో నేర్చుకున్నది గట్టిగా నిలిచింది.

తూటాలు నింపే ప్రోగ్రెసివ్ ప్రెస్సు అనే యంత్రంలో మీట ఒకసారి కిందికి లాగి పైకి వదిలితే అన్ని స్టేషన్లలోనూ పని ఒకేసారి జరుగుతుంది. ఒకచోట పేలిన కేసు తిరిగి కొలతకు ఒదిగి పాత ప్రైమరు ఊడిపోతుంది, మీట వెనక్కి వెళ్లేటప్పుడు కొత్త ప్రైమరు కూర్చుంటుంది, తరువాతి చోట మందు పడుతుంది, ఆ పైచోట గుండు దిగుతుంది. గంటకు కొన్ని వందల తూటాలు తయారవుతాయి. ఆ వేగం చూసి నేను మోసపోయాను.

గ్రీన్‌కార్డు వచ్చాక నింపిన మొదటి విడతలో, ప్రెస్సులో కేసులు నిలబెట్టే ప్లేటు మీద ఒక్క కేసే పెట్టి, కేసును కొలతకు ఒదిగించే సైజింగ్ డైని సరిచేశాను. కేసు మెడ కింద ఏటవాలుగా ఉండే భుజం నేను కోరుకున్నట్టు రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెనక్కి జరిగింది. తీరా అన్ని స్టేషన్లూ నిండాక ఆ భారానికి డైలు బిగించిన తలపలక వెంట్రుకవాసి పైకి లేచి, భుజం జరగవలసినంత జరగలేదు. నేను మళ్లీ కొలవలేదు. రేంజిలో మూడో తూటాకే, అది లోపల పూర్తిగా ఒదగక, రైఫిల్ బోల్టు మూసుకోలేదు. ఫోర్‌మన్ ఆ తూటాను తీసి అరచేతిలో పెట్టి, "మన షాపులో ఏ యంత్రాన్నైనా ఖాళీగా తిరుగుతున్నప్పుడు కొలిచి పాస్ చేస్తావా?" అని మాత్రం అడిగారు. ఉద్యోగంలో రోజూ ఇతరులకు చెప్పే మాట నా బల్ల దగ్గర నాకే గుర్తు రాకపోవడం చాలాకాలం మనసును కలచివేసింది.

ఇప్పుడు పనిని రెండు విడతలుగా చేస్తాను. సైజింగు, పొడవు కత్తిరింపు ఒకసారికి ఒక్క పనే చేసే వేరే సింగిల్ స్టేజి ప్రెస్సు మీద నిదానంగా ముగించి, సైజింగుకు రాసిన నూనె తుడిచి, ప్రతి పదో కేసునూ కొలిచిన తరువాతే ప్రైమరుకూ మందుకూ గుండుకూ ప్రోగ్రెసివ్ ప్రెస్సు ఎక్కిస్తాను. సన్న గుండ్రటి పలుకుల మందు కొలపాత్రలోంచి నీళ్లలా జారుతుంది కాబట్టి దాన్ని యంత్రానికి వదిలేయవచ్చు. పుల్లముక్కల్లా ఉండే మందు మాత్రం గొట్టంలో అడ్డం పడి, ఒక కేసులో తక్కువా మరో కేసులో ఎక్కువా పోస్తుంది. అందుకే దాన్ని విడిగా తూచి గరాటుతో పోస్తాను. ఎంత మందు అన్నది అచ్చులో ఉన్న మాన్యువల్ చెప్పాలి గాని స్నేహితుడు చెప్పకూడదు. బల్ల మీద ఒక్క మందు డబ్బాకు మించి ఉండకూడదు. కొత్తగా మొదలుపెట్టే మనవాళ్లను ఈ రెండు విషయాల్లో నేను ప్రాధేయపడతాను.

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండు బరువుకు 7000 గ్రెయిన్లు. మా నాన్నగారు ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవారు, ఆయన నోట గురివింద ఎత్తు అన్న మాట వింటూ పెరిగాను. ఒక గురివింద గింజ ఇంచుమించు రెండు గ్రెయిన్లు. నేను పట్టించుకునే తేడా గ్రెయినులో పదో వంతు, అంటే గురివిందలో ఇరవయ్యో వంతు. ఆ తేడాలు పేరుకుంటే గుండు వేగం మారి, 600 గజాల దూరంలో దెబ్బలు నిలువుగా చెదురుతాయి. అక్కడి లక్ష్యంలో పది మార్కుల వలయం వ్యాసం 12 అంగుళాలు మాత్రమే.

మొన్న శీతకాలంలో ఒక రాత్రి త్రాసు అంకె నిలవకుండా ఊగుతుంటే, బ్యాటరీ మార్చాను, మళ్లీ సరిచేశాను, ఫలితం లేదు. వీడియో కాల్‌లో ఉన్న నాన్నగారు త్రాసు వైపు కాక, దాని పక్కన మాన్యువల్ పేజీ అంచు కదలడం చూశారు. "యాడిదో గాలి తగులుతా ఉంది నాయనా, ముందు అది ఆపు" అన్నారు. తల పైనే హీటరు గాలి వచ్చే జాలీ ఉంది. దాన్ని మూసేశాను. అంకె నిలిచింది.