నాలుగు తీగల మాస్టారు

న్యూయార్క్ యూనివర్సిటీ రోజుల గురించి ఏదైనా రాసివ్వమని సంచిక వాళ్లు అడిగారు. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ల గురించి రాయడానికి మీలో బోలెడుమంది ఉన్నారు. నేను బ్యాంజో మాస్టారి గురించి రాస్తాను.

మా డిగ్రీకి బయట సబ్జెక్టు ఒకటి తప్పనిసరి. పరీక్ష ఉండదు, పేపరు రాసిస్తే చాలని సీనియరొకడు చెబితే ఐరిష్ అమెరికన్ సంగీతం తీసుకున్నాను. అప్పటికి ఐరిష్ వాళ్లంటే నాకు మార్చి నెలలో ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని ఫిఫ్త్ అవెన్యూ నిండా ఊరేగే జనమే.

ప్రొఫెసర్ పేరు మిక్ మొలోనీ. మిగతావాళ్లంతా 'మిక్' అనేవారు. తండ్రి వయసు దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. సెమిస్టరంతా 'ప్రొఫెసర్' అనే నెట్టుకొచ్చాను.

ఆయన వాయించేది నాలుగు తీగల టెనర్ బ్యాంజో, డప్పులాంటి గుండ్రటి డొక్కున్న తీగల వాద్యం. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటే సగం కోర్సు అయిపోయినట్టే. మూలం ఆఫ్రికాది. బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల మీదుగా అమెరికా చేరింది. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే తెల్లవాళ్ల నాటక బృందాలు 1840ల్లో దాన్ని ఐర్లండ్ తీసుకెళ్లాయి. తర్వాత అమెరికా డాన్సు బ్యాండ్ల కోసం ఒక తీగ తగ్గించుకుని టెనర్ అయింది. ఐరిష్ వాళ్లు దాన్ని ఫిడేలు కంటే ఒక స్థాయి కింద శ్రుతి చేసుకుని, ఇది మా పాతవాద్యమే అన్నంత ధీమాగా వాయిస్తున్నారు. వెక్కిరింత దారిన వచ్చిన వాద్యమని దాచకుండా చెప్పుకోవడం నాకు నచ్చింది. మనమైతే పురాణంలో ఎక్కడో ఒకచోట ఇరికించేవాళ్లం.

ఆయన పుట్టింది 1944లో, ఐర్లండ్‌లోని లిమరిక్‌లో. సంప్రదాయ సంగీతం కావాలంటే పక్కనున్న క్లేర్ కౌంటీకి పోవాలి. కుర్రతనంలో టేప్ రికార్డర్ మోసుకుని అక్కడి పబ్బులకు వెళ్లి, తాగేవాళ్ల గోల మధ్య ముసలివాళ్లు వాయించేవి పట్టుకొచ్చి నేర్చుకున్నాడు. డబ్లిన్‌లో ఎకనామిక్స్ చదివి, జాన్‌స్టన్స్ బృందంలో పేరు తెచ్చుకుని, 1973లో అమెరికా వచ్చేశాడు. ఫిలడెల్ఫియాలో జానపద విజ్ఞానం చదవడానికి. ఆ పీహెచ్‌డీ పూర్తయింది 1992లో! మధ్యలో ఊరికే కూర్చోలేదు. పేరూ ఊరూ లేకుండా వాయించుకుంటున్న వలస కళాకారులను వెతికి వేదికలెక్కించాడు. 1985లో ఆడవాళ్లే వాయించే కచేరీలు పెట్టించాడు. 'చెరిష్ ద లేడీస్' బృందం అక్కణ్నుంచే పుట్టింది.

నన్ను పట్టేసింది 'అమెరికన్ వేక్' పాఠం. ఐర్లండ్ పల్లెల్లో ఎవరైనా పోతే రాత్రంతా మేలుకుంటారు, మన శవజాగారం లాగే. 1840ల్లో బంగాళాదుంప పంట పోయి వచ్చిన కరువు తర్వాత అమెరికాకు ఓడెక్కేవాళ్లకీ అదే చేశారట. తెల్లవార్లూ పాటలు, ఆటలు, ఏడుపులు. మళ్లీ చూడబోమని అందరికీ తెలుసు కనక. నన్ను ఎయిర్‌పోర్టులో దిగబెట్టడానికి పద్నాలుగుమంది వచ్చారు. మా నాయనమ్మ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఆ క్లాసులో కూర్చున్నాకే నాకు తోచింది.

వలసపాట అంటే విడిచొచ్చిన ఊరిని తలుచుకుని ఏడవడమే అనుకునేవాణ్ని. కాదు. ఐర్లండ్ నుంచి వచ్చి చికాగో పోలీస్ చీఫ్ అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1,850 ఐరిష్ బాణీలు పోగేసి 1903లో అచ్చు వేయించాడు. ఐర్లండ్‌లోని స్లైగో నుంచి వచ్చిన మైకేల్ కోల్మన్ న్యూయార్క్‌లో వాయించిన ఫిడేలు రికార్డులు ఓడల్లో తిరిగి వెళ్తే, అక్కడి పల్లెల్లో కుర్రాళ్లు తమ ఊరి పద్ధతి వదిలేసి ఆయన్ను అనుకరించారు. 'సొంతూరి సంగీతం' కొంత ఇక్కడ తయారై అక్కడికి వెళ్లిందన్నమాట. ఇక పాటల వ్యాపారంలో యూదుల హవా నడుస్తున్నప్పుడు, ఫ్లానరీ అనే ఐరిష్ రచయిత విలియం జెరోమ్‌గా పేరు మార్చుకున్నాడు. మా వెంకటేశ్వర్లు 'వెన్' అయినట్టు.

చివరి పేపరు నేను రంగం వలసల మీద రాశాను. రంగం అంటే మనవాళ్ల నోట బర్మా. మా ముత్తాత కళింగపట్నంలో ఓడెక్కి రంగూన్ వెళ్లినవాడే. అక్కడ తెలుగువాళ్లను 'కొరంగీలు' అనేవారు, కోరంగి రేవు పేరు మీద. జపాన్ బాంబులు పడ్డాక 1942లో కాలినడకన వెనక్కి వచ్చాడు. నాయనమ్మకు రంగం పాట ఒకటి వచ్చని గుర్తొచ్చి ఫోన్లో పాడించి రికార్డు చేశాను. వెనక కుక్కరు విజిల్స్, టీవీ సీరియల్, ఎవరో గేదెను అదిలించడం. ఇది ప్రొఫెసర్‌కి ఏం వినిపిస్తానని సిగ్గుపడి కాగితాలు మాత్రమే ఇచ్చాను. పబ్బుల గోల మధ్య రికార్డు చేసుకుంటూ పెరిగిన మనిషికి కుక్కరు విజిల్ ఒక లెక్కా! ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది.

తర్వాత ఆయన ఏటా కొన్ని నెలలు బ్యాంకాక్‌లో ఉండి, క్లోంగ్ తోయి మురికివాడ పిల్లలకు పాటలు నేర్పేవాడని విన్నాను. 2022 జూలై 27న గ్రీనిచ్ విలేజ్‌లో తన ఇంట్లోనే పోయాడు. 77 ఏళ్లు. అంతకు కొద్దిరోజుల ముందు కూడా కచేరీ చేశాడు.

ఆ రాత్రి పాత హార్డ్ డిస్కు వెతికి నాయనమ్మ రికార్డింగు పెట్టాను. రెండు చరణాలయ్యాక మూడోది మర్చిపోయి ఆగుతుంది. కుక్కరు కూస్తుంది. "సాల్లేరా, నీకు ఫోను బిల్లు ఎంతవుద్దో" అంటుంది. నేను ఇంకొక్కటి పాడమని బతిమాలుతుంటాను. మళ్లీ మొదటి చరణమే అందుకుంటుంది.