నాలుగో నంబరు మీదే తిరిగే బ్లోవర్

ఏప్రిల్ నెలాఖరు నుంచి మా కారు ఏసీ ఒక వింత మొండికేసింది. ఫ్యాన్ స్పీడు నాబ్ ఒకటి, రెండు, మూడు మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. నాలుగు మీద పెడితే ఒకటే హోరు. గుడివాడ నుంచి వస్తుంటే వెనక సీట్లోంచి మా అత్తయ్యగారు "ఏం బాబూ, కారెక్కామా, పిండిమర ఎక్కామా?" అనేశారు.

సర్వీస్ సెంటర్‌ వాళ్లు డాష్‌బోర్డు కింద చెయ్యైనా పెట్టకుండానే బ్లోవర్, అంటే ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాన్, దాని మోటారు పోయిందన్నారు. 6,400 అవుతుందట.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ పనులు చేసే ఒక మేస్త్రీకి చూపించాను. నాబ్ అటూ ఇటూ తిప్పి, "నాలుగులో ఇంత గట్టిగా తిరిగే మోటారు పోయినట్టెట్టా అవుద్ది సార్?" అన్నాడు. పది రోజులుగా నాకు తట్టని ప్రశ్న.

మా కారులో నాలుగో స్పీడుకి కరెంటు నేరుగా మోటారుకి వెళ్తుంది. తక్కిన మూడింటికీ మధ్యలో రెసిస్టర్ ఉంటుంది, కరెంటుని తగ్గించేది అదే. హీటర్‌కైనా ఏసీకైనా ఇదే దారి. అతను గ్లోవ్ బాక్స్ ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, అరచేతిలో పట్టేంత ముక్క బయటికి లాగాడు. తీగ చుట్టలు, వాటి పక్కన చిన్న ఫ్యూజు. మీటర్ పెట్టి చూస్తే ఫ్యూజు పోయింది. వైర్లు వచ్చి దానికి తగిలే కప్లర్‌లో ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ కూడా కరిగి నల్లబడింది.

"ఫ్యూజు దగ్గర ఒక తీగ ముక్క అతికేస్తే పోదా?" అన్నాను, తెలివిగా. అతను నావైపు అదోలా చూశాడు. "అది పోబట్టే కారు తగలబడలేదు సార్."

రెసిస్టర్‌ని గాలి వెళ్లే దారిలోనే బిగిస్తారు, ఆ గాలికే అది చల్లబడాలి. మా ఏసీ ఫిల్టర్ బయటికి తీస్తే దుమ్ము, వేపాకు, వేపపూత కలిసి పరుపులా ఉంది. ఇక గాలెక్కడాడుతుంది? మోటారు ఫ్యాన్‌ని చేత్తో తిప్పి చూశాడు, ఎక్కడా పట్టెయ్యలేదు. రెసిస్టర్, కప్లర్, ఫిల్టర్ కొత్తవి వేసి, కూలితో కలిపి 1,150 తీసుకున్నాడు.

ఇంటికి రెండో నంబరు మీదే వచ్చాను. కారు వేపచెట్టు కింద పెట్టడం మాత్రం మానలేదు. మే నెలలో బెజవాడలో నీడ వదులుకుంటామా? నెలకోసారి ఫిల్టర్ తీసి దులుపుతున్నాను.