ఏడవని పిల్ల

మా పాప పుట్టినప్పుడు చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఎంత బుద్ధిమంతురాలే, అసలు ఏడవదు!" పాలకి కూడా నేనే లేపాలి. నాలుగు గుక్కలు తాగి మళ్ళీ నిద్ర. పక్కింటావిడ మనవడు రాత్రంతా జాగారం చేయిస్తున్నాడని వాపోతుంటే, లోలోపల నాకు కాస్త గర్వం కూడా.

కాన్పయిన ఆసుపత్రిలో మడమ దగ్గర సూదితో గుచ్చి చేసే పరీక్ష చెయ్యలేదు. అలాంటిది ఒకటుందని మాకూ తెలీదు. మూడో వారమొచ్చినా కామెర్లు తగ్గలేదు, అమ్మ పొద్దుటెండలో పడుకోబెట్టేది. బొడ్డు ఉబ్బితే రూపాయి బిళ్ళ పెట్టి కట్టమన్నారు. గొంతు బొంగురుగా ఉంటే వాళ్ళ తాత పోలికన్నారు.

పందొమ్మిదో రోజు పిల్లల డాక్టరుగారు పాప నాలుక చూసి, "పుట్టాక టీఎస్‌హెచ్ చేయించారామ్మా?" అన్నారు. థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే రక్తపరీక్షట అది. సాయంత్రానికి రిపోర్టు: 100 పైన, అంటే చాలా ఎక్కువ. స్కానింగులో మెడలో థైరాయిడ్ గ్రంథి లేదు. కడుపులో ఉండగా నాలుక మొదలు నుంచి కిందికి దిగాల్సిన థైరాయిడ్ దిగకుండా అక్కడే చిన్న ముక్కగా ఉండిపోయిందట. కడుపులో ఉన్నన్నాళ్ళూ నా థైరాయిడ్ హార్మోను కొంత అందింది కాబట్టి పుట్టగానే ఏమీ తెలియలేదు. "నేనేమైనా తినకూడనిది తిన్నానా డాక్టరుగారూ?" అంటే, "నీ తప్పేం లేదు. 48 గంటలు దాటాక మడమ నుంచి ఆ నాలుగు చుక్కల రక్తం తీసుంటే రెండు వారాల్లోపే మందు పడేది. మెదడు ఎదిగే రోజులమ్మా ఇవి" అన్నారు.

ఆ రాత్రే థైరాక్సిన్ మొదలు, ఆ గ్రంథి తయారుచెయ్యాల్సిన హార్మోనే మాత్రగా. 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర. మా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నెలో మెత్తగా నూరి, నా పాలు పిండి పట్టేదాన్ని. అడుగున తెల్లగా అంటుకున్న పొడిని ఇంకో రెండు చుక్కలతో కడిగి అదీ పట్టాలి. పాలసీసాలో కలపొద్దన్నారు, మిగిల్చేస్తే మందు పోయినట్టే. ఐరన్ చుక్కలు వేరే వేళకి.

మందు మొదలెట్టిన పదో రోజు రాత్రి రెండింటికి ఆకలేసి కెవ్వుమంది. ఇల్లంతా లేచింది. అత్తయ్య కడుపునొప్పేమోనని కంగారుపడుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారొచ్చాయి.

మాటలొచ్చేదాకా మాత్రం భయం వదల్లేదు. ఇప్పుడు రెండో తరగతి, నోరు మూయదు. కొందరికి మూడేళ్ళకి మందు ఆపి చూస్తారు. దీనికి జీవితాంతం వాడాల్సిందే.

బాబు పుట్టినప్పుడు మడమ పరీక్ష చేస్తారో లేదో ముందే అడిగి, చేస్తామన్నాకే ఆసుపత్రిలో చేరాను. వాడి మడమ మీది ప్లాస్టరు చూసి, "తమ్ముడికి కూడా పొద్దున్నే మాత్రా?" అంది అక్క. అక్కర్లేదంటే కాస్త చిన్నబుచ్చుకుంది.