ఫీజు తీసుకునే మనిషికి మన మీద నిజంగా ఏమైనా ఉంటుందా

యానాం బ్రిడ్జి ఎక్కేటప్పుడు ప్రతిసారీ నాకు ఒకటే డౌటు, మాటలతో మనసుకి వైద్యం చేసే ఈ థెరపిస్టు మేడంకి నేనంటే ఏమైనా ఉందా, లేకపోతే నేను ఆవిడకి నెలకి నాలుగు పన్నెండువందలేనా అని. నాన్న పోయాక నిద్ర పట్టక, పట్టినా మూడింటికే మెలకువొచ్చేసి, అలా ఏడెనిమిది నెలలు లాగి చివరికి అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళడం మొదలెట్టా. బస్సులో తెలిసినవాళ్ళు అడిగితే పళ్ళ డాక్టర్ దగ్గరికి అని చెప్తా, ఆ లెక్కన నా నోట్లో ఈపాటికి ఒక్క సొంత పన్ను ఉండకూడదు.

అనుమానం ఊరికే రాలేదులెండి. అంతకుముందు ఇంకో ఊళ్ళో ఒకాయన దగ్గరికి వెళ్ళా, పేరొద్దు. నేను నాన్న గురించి చెప్తుంటే ఫోన్ చూసుకుంటూ "పెళ్ళి చేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. అది మా పెద్దమ్మ కాఫీ ఇచ్చి మరీ ఫ్రీగా చెప్తుంది కదా!

ఈవిడకి మా గేదె పేరు కూడా గుర్తుంది. మురిసిపోయా, తర్వాత తట్టింది, నోట్స్‌లో రాసుకుని ఉంటుందిలే అని. ఓ రోజు ఆపుకోలేక "నేను డబ్బులివ్వకపోతే మాట్లాడతారా అండీ" అని అడిగేశా. "ఇలా వారం వారం అంటే కుదరదండీ, ఇది నా జీవనం. ఇవ్వలేని నెల వస్తే ముందే చెప్పండి, తగ్గిస్తాను. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఫ్రీగా తెలుగులోనే మాట్లాడతారు" అంది. నాకు ఒళ్ళు మండింది, అయ్యో అలా ఎందుకనుకున్నారు అంటుందనుకున్నా మరి.

ఆ కోపంలోనే ఇంటికొచ్చి దీని గురించి చదివా. ఈ మాటల వైద్యానికి ఆద్యుడైన డాక్టరు ఫ్రాయిడ్ 1913లోనే రాశాడు, పేషెంటుకి ఓ గంట కేటాయించాక రాకపోయినా డబ్బు కట్టాల్సిందేనట, పదేళ్ళపాటు రోజుకో గంట, ఒక్కోసారి రెండు, ఫ్రీగా కూడా చూశాడట గానీ అనుకున్నంత లాభం కనపళ్ళేదట. మళ్ళీ అదే మనిషి 1918లో బీదాబిక్కీకి ఈ వైద్యం ఉచితంగా అందాలన్నాడు. కార్ల్ రోజర్స్ అనే అమెరికా సైకాలజిస్టు 1957లో రాసినది మాత్రం నాకు తగిలింది: థెరపిస్టుకి మన మీద ఆదరణ ఉంటే చాలదు, అది మనకి కొంచెమైనా తెలియాలి.

మా కొబ్బరితోటకి కాయల దింపుకొచ్చే అతను చెట్టుకింత అని తీసుకుంటాడు, ఒక్క చెట్టు లెక్క పోనివ్వడు. పోయినసారి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతూ వెనక్కొచ్చి "కాలవగట్టు మీద చెట్టుకి మొవ్వులో కొమ్ముపురుగు పడిందండి, చూసుకోపోతే పోద్దండి" అన్నాడు. అది చెప్పినందుకు పైసా రాదు. అతనికి చెట్టంటే ఇష్టమా డబ్బంటే ఇష్టమా అని నాకెప్పుడూ డౌటు రాలేదు మరి.

మావాళ్ళకి నా మీద ప్రేమ లేదని కాదు, నాన్న పోయినప్పుడు రోజూ ఏదో ఒక ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. కానీ నిద్ర పట్టట్లేదని పొద్దున ఒకరికి చెప్తే సాయంత్రానికి వీధి వీధంతా మందు చెప్తుంది, పైగా ఆ క్యారేజీలన్నీ ఎప్పటికైనా తిరిగివ్వాలి. మేడంని "మీరు బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అని అడగక్కర్లేదు. అక్కడ చెప్పింది బయటికి పోకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

మొన్న యాభై నిమిషాలూ అయిపోయేసరికి నేను ఏడుస్తున్నా, బయట తర్వాతి మనిషి కూర్చుని ఉన్నాడు. ఆవిడ గడియారం చూడ్డం నేను చూశా. మంచినీళ్ళు నా వైపు జరిపి "ఓ ఐదు నిమిషాలు కూర్చోండి" అంది. కూర్చున్నా, తర్వాత ఫోన్‌పే చేసి బస్సెక్కా. బ్రిడ్జి ఎప్పుడు దాటామో తెలీదు, అమలాపురంలో కండక్టర్ లేపాడు.