ఆరెంజ్ లైటు వెలిగిన పదిహేను రోజులు

మా బావకి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలన్నీ ఒక నాస్ పెట్టెలో, అంటే నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టెలో ఉంటాయి. దాన్ని నేనే అమర్చాను. 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5, అంటే డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా, ఒకటి పోయినా ఫైళ్లు పోకుండా వాడే పద్ధతి. మొత్తం 16 అయినా వాడుకోవడానికి వచ్చేది 12. "మిగతా నాలుగు ఏమయ్యాయిరా?" అని బావ అప్పుడే అడిగారు. "ప్యారిటీకి పోతుంది బావా" అని ఊరుకున్నాను. ఆ రోజే కూర్చుని విడమరిచి చెప్పాల్సింది.

పోయిన శ్రావణంలో ఫోన్ చేశారు, ఫైళ్లు తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని. పెట్టె మీద లైట్లు ఏ రంగులో ఉన్నాయని అడిగాను. "మూడు పచ్చవి, ఒకటి ఆరెంజ్. పదిహేను రోజుల్నుంచీ అంతే. బీప్ బీప్ మంటుంటే కుర్రాడు సౌండ్ ఆపేశాడు" అన్నారు. నాకు గుండె జారిపోయింది.

ఆ స్థితి పేరు డిగ్రేడెడ్. రెయిడ్‌లో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఒక డిస్కు చచ్చిపోయింది, అయినా ఫైళ్లు వస్తూనే ఉన్నాయి. అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఎలా వస్తున్నాయంటే, ప్యారిటీ వల్ల. చిట్టాలో అడుగున వేసే మొత్తం లాంటిదది. మూడు పద్దుల్లో ఒకటి చెరిగిపోతే, మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే అది తేలుతుంది. డిస్కుల్లో కూడిక బదులు ఎక్సార్ చేస్తారు, అంటే ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే 0, బేసిసంఖ్యలో ఉంటే 1. మూడింట్లో ఒకే చోట 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు రెండు, సరిసంఖ్య, కాబట్టి ప్యారిటీ 0. మధ్య డిస్కు పోయినా, మిగిలిన ఒకట్లు ఇప్పటికే రెండున్నాయి కాబట్టి పోయింది 0 అని తెలిసిపోతుంది. ఈ లెక్క చదివిన ప్రతిసారీ వేయాలి, బావ చెప్పిన ఆలస్యం అదే. రెండు పద్దులు చెరిగితే మాత్రం ఏ లెక్కా తేలదు. రెయిడ్ 6లో రెండు రకాల ప్యారిటీ ఉంటుంది, రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది.

వెళ్లి డిస్కుల స్థితి చూపించే ఎండీస్టాట్ చూశాను. నాలుగు డిస్కులకు నాలుగు గుర్తులు: యు, యు, ఒక గీత, యు. ఆ గీతే పోయిన డిస్కు. కొత్తది పెట్టి రీబిల్డ్, అంటే పోయిన డిస్కులోదంతా లెక్కకట్టి కొత్తదాంట్లో రాయడం, మొదలుపెట్టాను. సెకనుకు 100 ఎంబీ చొప్పున నడిచినా 4 టీబీకి పదకొండు గంటలు. ఆ పదకొండు గంటలూ మిగతా మూడు డిస్కుల్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, అంటే 12 టీబీ. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో కోటి కోట్ల బిట్లకు ఒక చదవలేని తప్పు ఉండొచ్చని రాస్తారు. కోటి కోట్ల బిట్లంటే 12.5 టీబీ. చాలా డిస్కులు అంతకంటే బాగానే పనిచేస్తాయి, కానీ ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్ల కింద డిస్కు మీద ఏ సెక్టారు, అంటే ఏ చిన్న ముక్క పాడైందో చదివితేగానీ బయటపడదు.

మాకు తెల్లవారుజామున బయటపడింది. రెండో డిస్కులో చదవలేని సెక్టార్లు తగిలి రీబిల్డ్ ఆగిపోయింది.

ఇలాంటప్పుడు కంగారులో మళ్లీ మళ్లీ రీబిల్డ్ కొట్టకూడదు. నేను పెట్టె ఆపేసి, ఆ రెండో డిస్కుని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో వేరే డిస్కు మీదికి కాపీ చేశాను. అది చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. చివరికి కొన్ని కిలోబైట్లే రాలేదు. కాపీతో అర్రేని, అంటే ఆ డిస్కుల గుంపుని లేపి, కొత్త డిస్కు కలిపాను. ఆ కిలోబైట్లు పడింది ఒక పెళ్లిలో జీలకర్రబెల్లం క్లిప్ మీద. రెండో కెమెరాలో ఉంది కాబట్టి ఆ అమ్మాయికి ఇవ్వగలిగాం.

1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రెయిడ్ పేపర్ రాసినప్పుడు ఆ పేరులోని (RAID) 'ఐ' అంటే ఇన్ఎక్స్పెన్సివ్, చవకైన అని. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చిన్నవి చాలా పెట్టాలన్నది వాళ్ల వాదన. చిన్నవి ఎక్కువైతే ఏదో ఒకటి పోవడం కూడా ఎక్కువవుతుందని వాళ్లకు తెలుసు, ప్యారిటీ అందుకే. డిస్కు పోయినా పని ఆగకుండా చూడటమే దాని పని. కుర్రాడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ నిజాయితీగా డిలీట్ చేస్తుంది. ఈ ముక్క బావకి ఇప్పుడు చెప్పాను. వారానికోసారి ఒక బయటి డిస్కులోకి కాపీ తీసి అక్క దగ్గర ఇంట్లో పెడుతున్నారు.

ప్రతి నెలా ఒకటో తారీఖు రాత్రి స్క్రబ్ నడిచేలా పెట్టాను. అది డిస్కులన్నీ చదివి ప్యారిటీతో సరిచూస్తుంది, పాడైన సెక్టార్లు రీబిల్డ్ దాకా దాక్కోకుండా ముందే దొరుకుతాయి. ప్రతి ట్రే మీదా ఆ డిస్కు సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు స్టిక్కర్ మీద రాసి అంటించాను. డిగ్రేడెడ్‌లో ఉన్నప్పుడు పోయినదాని బదులు బతికున్నది లాగితే అర్రే అక్కడికక్కడే పడిపోతుంది. కొత్త కుర్రాడికి ముందు ఆ స్టిక్కర్లే చూపించాను. బీప్ వస్తే సౌండ్ ఆపమన్నాను, ఆపిన వెంటనే నాకు ఫోన్ చెయ్యమన్నాను.